ఛాయలు, మెట్లు, తెర: భద్రాచల అరణ్యప్రాంత ఛాయాచిత్రాల సవరణలో బిట్ డెప్త్ ప్రశ్న

1. ప్రవేశిక

తెలుగులో ‘ఛాయ’ అనే మాటకు నీడ అనీ, రంగు అనీ రెండర్థాలున్నాయి. చామనచాయ అన్నప్పుడు అది మేనిరంగు, చెట్టుఛాయ అన్నప్పుడు అది నీడ. ఫొటోగ్రాఫుకు ఛాయాచిత్రమని పేరు పెట్టినవారు ఈ రెండింటినీ ఉద్దేశించారో లేదో గాని, ఆ పేరులో రెండూ ఇమిడాయి. నీడలో ఉన్న రంగును చిత్రం ఎంత సూక్ష్మంగా నిలుపుకోగలదన్నది డిజిటల్ కాలంలో లెక్కకు అందే ప్రశ్న. ప్రతి బిందువు వద్ద ఎరుపు, పచ్చ, నీలం చానళ్లకు ఎన్నెన్ని స్థాయిలు దొరుకుతాయన్నదే ఆ లెక్క. సాంకేతిక పరిభాషలో దీనిని బిట్ డెప్త్ అంటారు.

ఫొటో సవరణ సాఫ్ట్‌వేర్లు ఈ స్థాయిలను ఎలా దాచుకుంటున్నాయి, తెరపై ఎలా చూపుతున్నాయి, ఆ రెండింటి మధ్య ఉన్న తేడా జానపద, గిరిజన అధ్యయనాల్లో ఛాయాచిత్రపు ప్రామాణికతపై ఎలాంటి ప్రభావం చూపుతున్నది అన్న అంశాలను ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది. ఉదాహరణలకు ఖమ్మం నగరపు అంచున ఉన్న ఖానాపురం హవేలి మొదలు కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం అడవుల వరకు ఉన్న ప్రాంతం ఆధారం. ఈ ఎంపికకు కారణముంది. ఈ ప్రాంతంలో తీసిన చిత్రాల్లో చాలా భాగం చెట్ల కిందే తీయవలసి వస్తుంది. పైన వెలుగుతున్న ఆకాశం, కింద టేకు, వెదురు పొదల నీడ, ఆ నీడలో మనుషులు. కెమెరాకు ఇంతకంటె కఠినమైన పరీక్ష అరుదు.

2. ‘లోతు’ అనే మాటతో వచ్చిన చిక్కు

బిట్ డెప్త్‌ను తెలుగులో ‘వర్ణ గాఢత’ అని అనువదించడం సరికాదు. గాఢత అంటే చిక్కదనం. పసుపు నీళ్లలో పసుపు ఎక్కువ కలిపితే గాఢత పెరుగుతుంది. బిట్లు పెరిగినంత మాత్రాన రంగు చిక్కబడదు, కొత్త రంగు పుట్టదు. అత్యంత నలుపుకూ అత్యంత తెలుపుకూ మధ్య దూరం అంతే ఉంటుంది, ఆ దూరాన్ని ఎన్ని మెట్లుగా విడగొట్టారన్నదే మారుతుంది. 8 బిట్లలో ఒక్కొక్క చానల్‌కు 256 మెట్లు, 10 బిట్లలో 1024, 12లో 4096, 14లో 16384. మూడు చానళ్లను కలిపి లెక్కిస్తే 8 బిట్లలో సుమారు 1 కోటి 67 లక్షల రంగులు, 10 బిట్లలో 107 కోట్లకు పైగా. వ్యాపార ప్రకటనలు ఈ రెండో సంఖ్యను ఊరిస్తూ చూపుతాయి. అందువల్లనే ‘ఎక్కువ బిట్లు అంటే ఎక్కువ అందమైన రంగులు’ అన్న భ్రమ స్టూడియోల్లోనూ తరగతి గదుల్లోనూ నాటుకున్నది. ‘మెట్ల సంఖ్య’ అన్న సాదామాట వాడితే ఆ భ్రమకు తావుండదు. శాస్త్రపరిభాషకు సంస్కృత సమాసమే గౌరవం తెస్తుందన్న అలవాటు ఇక్కడ అర్థాన్నే తప్పుదారి పట్టించింది.

మెట్లు తక్కువైతే ఏమవుతుంది? ఒకే రంగు మెల్లగా మారవలసిన చోట చారలు కనిపిస్తాయి. గోదావరి మీద తెల్లవారుజామున మంచు కమ్ముకున్నప్పుడు ఆకాశం ఒక కొస నుంచి మరొక కొసకు పలచబడుతుంది. ఆ మార్పు 8 బిట్ల లెక్కలో 40 మెట్లలోనే జరిగిపోయిందనుకుంటే, 3840 బిందువుల వెడల్పున్న తెర మీద ఒక్కొక్క మెట్టు 96 బిందువుల వెడల్పు పట్టీగా పరచుకుంటుంది. 10 బిట్లయితే అదే దూరంలో 160 మెట్లుంటాయి, పట్టీ వెడల్పు 24 బిందువులకు తగ్గుతుంది. పైగా పక్కపక్కనున్న రెండు పట్టీల మధ్య అంచును మానవ నేత్రం ఉన్నదానికంటె ఎక్కువ చేసి చూస్తుంది. ఎర్నెస్ట్ మాఖ్ 19వ శతాబ్దంలోనే వివరించిన ఈ దృష్టిధర్మం వల్ల చిన్న మెట్టు కూడా గీతలా కనబడుతుంది. మంచు పలచని తెరలా గాక పొరలుపొరలుగా కోసిన కొబ్బరి ముక్కలా తయారవుతుంది.

3. నీడకు దక్కిన వాటా

పట్టీలు పడ్డ ఆకాశం కంటికి ఇబ్బంది మాత్రమే. అసలు నష్టం నీడలో జరుగుతుంది. అది ఎలా జరుగుతుందో తెలియాలంటే కెమెరా మెట్లను పంచే తీరు చూడాలి.

కెమెరా సెన్సార్ వెలుగును సరళరేఖలో కొలుస్తుంది. వెలుగు సగానికి తగ్గితే అంకె కూడా సగానికి తగ్గుతుంది. 12 బిట్ల రా ఫైలులో ఉన్న 4096 మెట్లలో అత్యంత వెలుగైన మొదటి అంతస్తుకే 2048 మెట్లు పోతాయి. దాని కింది అంతస్తుకు 1024, ఆపైన వరుసగా 512, 256, 128. ఆరో అంతస్తుకు దిగేసరికి మిగిలేవి 64 మెట్లు. ఆకాశం తెల్లబడిపోకుండా చిత్రం తీస్తే, చింతచెట్టు కింద కూర్చున్న కోయ వృద్ధురాలి ముఖం పడేది దాదాపు ఈ అంతస్తులోనే. ముఖంలోని ముడతలు, చెంపపై చెమట తళుకు, మెడలోని పూసలకూ మేనిరంగుకూ మధ్య తేడా, ఇవన్నీ ఆ 64 మెట్లలో సర్దుకోవాలి. 14 బిట్ల కెమెరాలో ఇదే అంతస్తుకు 256 మెట్లు దొరుకుతాయి.

ఇక ఆ చిత్రాన్ని కెమెరాలోనే 8 బిట్ల జేపెగ్‌గా మార్చి దాచుకుంటే, ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణపు వక్రరేఖ నీడలకు కొంత మేలు చేసినా, ఆరో అంతస్తుకు మిగిలేవి సుమారు 16 మెట్లు. చిత్రం చీకటిగా ఉందని సాఫ్ట్‌వేర్‌లో మూడు అంతస్తులు పైకి లేపితే ఆ ముఖం దాదాపు 38 మెట్లున్న చోటికి చేరుతుంది. కాని అక్కడ నింపడానికి ఉన్నవి ఆ 16 మెట్లే. సగానికి పైగా ఖాళీ. ఫలితంగా ముఖం మట్టితో అద్దినట్టు, అక్కడక్కడ పచ్చగానో ఎర్రగానో మచ్చలు తేలినట్టు వస్తుంది. చూసేవారు దానిని ఆ మనిషి మేనిరంగుగానే స్వీకరిస్తారు.

ఇది యంత్రానికి సహజమైన లెక్క, ఎవరి దురుద్దేశమూ కాదు అనవచ్చు. అయితే ఛాయాచిత్ర సాంకేతికత నల్లని మేనిని నిర్లక్ష్యం చేసిన చరిత్ర పాతది. కొడాక్ సంస్థ రంగుల ప్రింట్లను సరిచూసుకోవడానికి ప్రయోగశాలలకు పంపిన ‘షర్లీ’ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఆమె మేను బాగా వస్తే రంగులు బాగున్నట్టే లెక్క. ఫిల్ము పోయి సెన్సార్ వచ్చాక కార్డు మాయమైంది, నీడకు తక్కువ వాటా దక్కడం మాత్రం మరో రూపంలో మిగిలింది. దానిని సరిదిద్దే అవకాశం మొదటిసారిగా ఛాయాచిత్రకారుని చేతికి వచ్చింది. ఆ అవకాశం పేరే అధిక బిట్ల రా ఫైలు. దానిని పారేసి జేపెగ్ మాత్రమే దాచుకునే పరిశోధకుడు, తెలిసో తెలియకో, పాత కార్డు తీర్పునే మళ్లీ అమలుచేస్తున్నాడు.

4. సాఫ్ట్‌వేర్ లోపల ఒకటి, తెర మీద ఒకటి

సవరణ సాఫ్ట్‌వేర్ల చరిత్రలో ఈ విషయమై రెండు వేర్వేరు కథలు నడిచాయి. లెక్క కట్టడం ఒకటి, చూపించడం మరొకటి. వీటిని కలిపి చూడటం వల్లనే చాలా అపోహలు పుడుతున్నాయి.

లెక్క కట్టే విషయంలో ఫొటోషాప్ ముందుంది. 2003లో వచ్చిన సీఎస్ సంచికతో 16 బిట్ల చిత్రాలకు పొరలు వగైరా సదుపాయాలు విస్తృతంగా అందాయి. (ఫొటోషాప్ 16 బిట్లు అని చెప్పేది లోపల 0 నుంచి 32768 వరకు మాత్రమే. పేరుకు పదహారు, లెక్కకు పదిహేను.) ఉచిత సాఫ్ట్‌వేర్ అయిన గింప్ కథ వేరు. 1990ల మధ్యలో బర్క్‌లీ విశ్వవిద్యాలయ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టిన గింప్ రెండు దశాబ్దాల పాటు 8 బిట్లకే పరిమితమైంది. జెగెల్ అనే కొత్త గణనయంత్రాన్ని పూర్తిగా ఇముడ్చుకుని చానల్‌కు 32 బిట్ల వరకు పనిచేయగలగడం 2018 ఏప్రిల్‌లో విడుదలైన 2.10 సంచికతోనే సాధ్యమైంది.

ఈ ఆలస్యంలో తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే చిన్న ఉపకథ ఉంది. 1990ల చివర సినిమా రంగానికి 8 బిట్లు చాలక, గింప్ నుంచి ‘ఫిల్మ్ గింప్’ అనే శాఖ విడివడింది. దానికి అండగా నిలిచిన సంస్థల్లో కాలిఫోర్నియాకు చెందిన రిథమ్ అండ్ హ్యూస్ ఒకటి. అదే సంస్థ తరువాత హైదరాబాదులో స్టూడియో నెలకొల్పింది. ‘లైఫ్ ఆఫ్ పై’ చిత్రానికి దృశ్యప్రభావాలు సమకూర్చి, ఆస్కార్ అందుకునే వేళకే 2013లో దివాలా తీసింది. అంటే మెట్లు చాలవని గ్రహించి పరిష్కారం వెదికిన సంస్థ ఒకటి హైదరాబాదు దాకా వచ్చింది. ఖమ్మం వంటి జిల్లా కేంద్రాల పెళ్లి ఆల్బమ్ స్టూడియోలకు మాత్రం ఆ గ్రహింపు చేరలేదు. అక్కడ ఆల్బమ్ పేజీ 8 బిట్ల జేపెగ్‌గా పుట్టి, 8 బిట్ల జేపెగ్‌గానే ముద్రణకు పోతుంది.

చూపించే కథ ఇంకా ఆలస్యంగా నడిచింది. సాఫ్ట్‌వేర్ లోపల 16 బిట్లున్నా, ఆ చిత్రం ఆపరేటింగ్ సిస్టమ్, గ్రాఫిక్స్ కార్డు, దాని డ్రైవర్, కేబుల్ దాటి మానిటర్‌ను చేరాలి. ఈ వరుసలో ఏ ఒక్కటి 8 బిట్లే మోసినా మిగతావాటి శ్రమ వృథా. చాలాకాలం 10 బిట్ల ప్రదర్శన ఖరీదైన వృత్తిగత గ్రాఫిక్స్ కార్డులకే దక్కింది. సాధారణ జీఫోర్స్ కార్డులపై ఫొటోషాప్ వంటి సాఫ్ట్‌వేర్లకు 30 బిట్ల వర్ణ సదుపాయాన్ని ఎన్విడియా తెరిచింది 2019 జూలైలో. ఆపిల్ కంప్యూటర్లలో ఇది 2015 నాటి ఎల్ కాపిటాన్‌తో మొదలైంది. గింప్ 2.10 లోపల 32 బిట్ల లెక్క కట్టినా తన చిత్రపటాన్ని తెరకు పంపేది 8 బిట్లలోనే. మానిటర్ల విషయంలోనూ మెలిక ఉంది. పది బిట్లని అమ్మేవాటిలో అనేకం నిజానికి 8 బిట్లవే, రెండు పక్కపక్క మెట్లను వేగంగా మార్చి మార్చి చూపి మధ్యమెట్టును భ్రమింపజేస్తాయి. ఈ భ్రమ కంటికి బాగానే పనిచేస్తుందని ఒప్పుకోవాలి.

ఈ రెండు కథల మధ్య ఎడమే విమర్శకు విషయం. సవరించేవారు చూస్తున్నది ఫైలును కాదు, ఫైలు నుంచి తెర వడకట్టి ఇచ్చిన రూపాన్ని. ఆకాశంలో చార కనబడగానే అది చిత్రంలో ఉందో తెరలో ఉందో వారికి తెలియదు. తెరలోని చారను చిత్రపు దోషమనుకుని మసకబార్చే సాధనంతో తుడిచేస్తారు. ఆ తుడుపులో మంచు వెనక ఉన్న పాపికొండల అంచు కూడా పోతుంది. దీనికి సాఫ్ట్‌వేర్లు బాధ్యత వహించవలసింది చాలా ఉంది. ‘మీ ఫైలులో 16 బిట్లున్నాయి, మీకు చూపుతున్నది 8 మాత్రమే’ అన్న ఒక్క వాక్యం తెర మూలన రాయడం ఏమంత కష్టం? హిస్టోగ్రామ్‌కు చోటిచ్చిన చోటే ఈ వాక్యానికీ చోటుంది. దానికి బదులు సదుపాయాన్ని మెనూల అడుగున ఒక చిన్న గడిగా దాచిపెట్టడం, వాడుకరి అజ్ఞానంపై ఆధారపడిన రూపకల్పన.

5. ప్రతివాదం

ఇంత పట్టింపు అవసరమా అన్న ప్రశ్న అంతర్జాతీయంగానే వచ్చింది. వర్ణ సవరణపై ప్రసిద్ధ గ్రంథకర్త డాన్ మార్గులిస్, నిజమైన ఛాయాచిత్రాలపై 16 బిట్ల సవరణ వల్ల కంటికి కనిపించే మేలు ఎవరైనా చూపగలరా అని సవాలు చేశాడు. 16 బిట్ల పక్షాన నిలిచినవారిలో బ్రూస్ ఫ్రేజర్ ముఖ్యుడు. మార్గులిస్ వాదంలో బలముంది. సెన్సార్‌లో సహజంగా ఉండే రవ్వల గోల మెట్ల అంచులను చెరిపివేస్తుంది. ఆకులు, పొదలు, కంకర నిండిన చిత్రంలో 8 బిట్లకూ 16 బిట్లకూ తేడా వెదికినా దొరకదు. అడవి నేపథ్యంగా ఉన్న చిత్రాల్లో సగానికి ఈ మాట వర్తిస్తుంది.

ఆ వాదం నిలవని చోట్లు కూడా ఇదే ప్రాంతంలో ఉన్నాయి. భద్రాచలం సీతారామ కల్యాణంలో ముత్యాల తలంబ్రాల మెరుపు తెలుపుకు అతి సమీపాన ఉండే సన్నని మార్పుల వల్లనే మెరుపనిపిస్తుంది. ఎండకు ఆరబోసిన ఇప్పపూల లేత వన్నె కూడా అంతే. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినప్పటి చిత్రాల్లో బురదనీటి ఉపరితలం ఒకే గోధుమరంగుగా తోస్తుంది గాని, ప్రవాహం ఏ వైపు లాగుతున్నదో, సుడి ఎక్కడున్నదో చెప్పేది ఆ గోధుమరంగులోని పలుచని హెచ్చుతగ్గులే. వరద అధ్యయనానికి ఆ చిత్రం పనికిరావాలంటే అవి బతకాలి. పైగా మార్గులిస్ సవాలు ప్రధానంగా ముద్రణ కోసం, మంచి వెలుగులో తీసిన చిత్రాలను దృష్టిలో పెట్టుకున్నది. మూడు అంతస్తులు పైకి లేపవలసిన నీడముఖం ఆ సవాలు పరిధిలో సాధారణ ఉదాహరణ కాదు. ఇక్కడ అదే సాధారణం.

ఇంకొక మాట చెప్పకపోతే వాదం ఒంటికాలిపై నిలుస్తుంది. బిట్లు ఎక్కువున్నంత మాత్రాన రంగు నిజమైపోదు. వెలుగు స్వభావాన్ని కొలవకుండా, వర్ణసూచిక పలకను పక్కన పెట్టకుండా తీసిన 16 బిట్ల చిత్రం తప్పుడు రంగును అతి సన్నని మెట్లలో చెబుతుంది, అంతే.

6. పడిగె, పాత ప్లేటు, నలుపు-తెలుపు

కోయల డోలి గాయకులు గోత్రగాథలు పాడేటప్పుడు ఆధారంగా నిలిచే బొమ్మల గుడ్డపతాక పడిగె. మణుగూరు ప్రాంతపు కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ అందుకున్న తరువాత ఈ కళపై దృష్టి పెరిగింది. ఆయన 2024లో కన్నుమూశారు. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు ఆదివాసీ వాద్యాలను, పడిగెలను సేకరించి వెలుగులోకి తెచ్చారు. అయితే ఇకమీదట ఎక్కువమంది విద్యార్థులు పడిగెను చూడబోయేది గుడ్డగా కాదు, ఫైలుగా. పాతబడిన గుడ్డ మీద వెలిసిన నలుపు, ముదురు నీలం, మరకపట్టిన ఎరుపు, ఇవన్నీ చీకటి అంతస్తుల్లోనే ఉంటాయి. ఫలానా బొమ్మ దుస్తులు నల్లనివా, నీలివా అన్న ప్రశ్నపై ఒక ప్రతీకార్థ చర్చే నిలబడవచ్చు. 8 బిట్ల జేపెగ్‌లో నీడను పైకి లేపి చూసి ‘నలుపు’ అని తీర్మానించడం, చెదతిన్న తాళపత్రంలో పోయిన అక్షరాన్ని ఊహించి పాఠంగా ప్రకటించడం వంటిది. తాళపత్రాల విషయంలో పరిష్కర్తలు పాఠాంతరం, ఊహాపాఠం అని విడివిడిగా గుర్తించే సంప్రదాయం తెలుగులో ఉన్నది. చిత్రాల విషయంలో అటువంటి మర్యాద ఇంకా ఏర్పడలేదు.

ఇందులో చాలామంది ఊహించని చోటు నలుపు-తెలుపు చిత్రం. రంగుల చిత్రానికి మూడు చానళ్లుంటాయి గనుక 8 బిట్లలోనూ మెట్లు ఒకదానికొకటి సాయం చేసుకుంటాయి. నలుపు-తెలుపు చిత్రానికి ఉన్నది ఒకే చానల్. మొత్తం లోకమంతా 256 మెట్లే. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ 1940లలో గోదావరి కొండల్లో కొండరెడ్లను అధ్యయనం చేస్తూ తీసిన చిత్రాలు, అంతకు ముందు తరంలో రాజా దీన్‌దయాళ్ గాజుప్లేట్లు, ఇవన్నీ నీడ నుంచి వెలుగు దాకా సుదీర్ఘమైన శ్రేణిని నిలుపుకున్న మూలాలు. వీటిని స్కాన్ చేసేటప్పుడు ‘రంగులే లేవు గదా, 8 బిట్లు చాలు’ అనుకోవడం సహజమైన పొరపాటు. నిజానికి 16 బిట్లు అత్యవసరమైనది వీటికే. ఒకసారి 8 బిట్లకు దించి, ప్లేటు పాడైపోతే, మళ్లీ ఎక్కే మెట్లు లేవు.

గోదావరి తీరాన ఈ చిక్కు మరింత బరువైనది. 2014లో ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయిన కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు మండలాల్లో పోలవరం ముంపు పరిధిలోకి వచ్చే గ్రామాలున్నాయి. ఇళ్ల గోడల మీది ముగ్గు, దేవర కొలువున్న చెట్టు, ఊరి బాటల వంపు, వీటిలో చాలావాటికి రేపు సాక్ష్యంగా మిగిలేది ఛాయాచిత్రమే. పడిగెను మళ్లీ తీయవచ్చు. నీట మునిగిన ఊరిని మళ్లీ తీయలేరు. మెమరీ కార్డులో చోటు చాలదని రా ఫైలును ఆపివేసి జేపెగ్ మాత్రమే ఎంచుకునే క్షణాన ఈ తేడా ఎవరికీ గుర్తుండదు. కార్డు ధరా, ఊరి ధరా అప్పుడు ఒకే తక్కెడలో ఉంటాయి.

7. ఆచరణలో

సిద్ధాంత గ్రంథాల్లో, పత్రికల్లో చిత్రం కింద ప్రస్తుతం కనిపించేది ‘క్షేత్రపర్యటనలో తీసినది’ అన్న ఒక్క ముక్క. దానికి మరి మూడు వివరాలు చేరితే చిత్రం సాక్ష్యంగా నిలుస్తుంది: మూలఫైలు రా రూపమా, జేపెగ్గా, దానిలో ఎన్ని బిట్లున్నాయి, సవరణలో వెలుగును ఎన్ని అంతస్తులు లేపారు, రంగుపై తీర్మానం చేసినప్పుడు దానిని ఏ తెర మీద చూసి చేశారు. సవరణ మూలఫైలును తాకకుండా వేరే ప్రతిలో 16 బిట్లలో జరగాలి, 8 బిట్లకు దించడం చిట్టచివరి పని కావాలి. విశాలమైన ప్రోఫొటో వంటి వర్ణావకాశాన్ని 8 బిట్లతో కలిపి వాడటం మరీ ప్రమాదం, ఎందుకంటే అవే 256 మెట్లు ఇంకా పెద్ద దూరాన్ని పంచుకోవలసి వస్తుంది. ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. డార్క్‌టేబుల్, గింప్ రెండూ ఉచితమే.

అంతర్జాల పత్రికలు చిత్రాలను ప్రకటించేది సాధారణంగా 8 బిట్ల జేపెగ్‌గానే. పడిగె మీది ఆ దుస్తుల రంగును గురించి పాఠకుడు వ్యాసకర్తతో విభేదించదలచుకుంటే పత్రిక తెర అతనికి తోడ్పడదు. మూలఫైలు ఏ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, ఏ పేరుతో భద్రపరచి ఉన్నదో చిత్రం కిందనే రాసి ఉంటే, అక్కడికి వెళ్లి స్వయంగా తెరిచి చూడగలడు.